పక్కింటివారి గౌరవార్థం ధ్వని తగ్గింపు

జనవరి 14, మంగళవారం

ప్రయోగం ప్రారంభమైనది. మా ల్యాబు పరిశోధకురాలు నివా గారు రెండు డిష్‌లలో ఒకే రకం కణాలను పెంచుతున్నారు. వాటి మానాన వాటిని వదిలేస్తే కొవ్వు కణాలుగా మారే రకం. ఆ విషయంలో వాటికీ నాకూ భేదం లేదు. ఒక డిష్ కింద కంపించే యంత్రం పెట్టి, ఎడతెగకుండా ఒకే స్వరం వినిపిస్తారు. రెండవది నిశ్శబ్దంలో ఉంటుంది. విన్నవి బక్కగా మిగలాలి, విననివి కొవ్వు పట్టాలి. మార్చిలో సమీక్షా సంఘం ముందు ఇది రుజువైతే నివా గారి కాంట్రాక్టు పొడిగిస్తారు. కాకపోతే క్యోటోలో ఆమెకు ఇదే ఆఖరి వసంతం.

పరిపాలనాధికారిగా నా బాధ్యతలు: కరెంటు, చెప్పుల అర, ఇరుగుపొరుగు.

జనవరి 24

తొలి ఫలితం శ్రేష్ఠం. స్వరం విన్న డిష్‌లో కొవ్వు చుక్క దాదాపు లేదు. మా ప్రొఫెసరు మియహారా సెన్సే మైక్రోస్కోపు వదలకుండా, నేను ఈ యంత్రం మీద కూర్చుంటే ఏమైనా తగ్గుతానా అమ్మాయ్ అని అడిగారు. ముందు ఆ లిఫ్టు మానేసి మెట్లెక్కండి సెన్సే అన్నారు నివా గారు.

జనవరి 29

గోడ అవతలి ఇంట్లో కోతో అనే తీగల వాద్యం నేర్పే ఒకుమురా గారు మిఠాయిల పెట్టె పంపారు. బియ్యప్పిండివి, ఊదారంగు గుడ్డలో కట్టి. పండుగ లేదు. పెళ్లి లేదు. ఎవరూ పోలేదు.

అత్యవసర సమావేశం జరిగినది. మా ఊళ్లో ఫిర్యాదు చేయదలచినవారు నోరు తెరవరు, మిఠాయి పంపుతారన్నది జగమెరిగిన విషయం. యంత్రం మోత గోడ దాటుతోందని, ఎంత సహించి ఉంటే ఆ పెద్దావిడ ఇంత పెద్ద పెట్టె పంపి ఉంటారోనని సెన్సే కళ్లు మూసుకున్నారు. ప్రయోగం మధ్యలో వాల్యూమ్ ముట్టుకుంటే నా మీద ఒట్టే అన్నారు నివా గారు. ముట్టుకోరాదని తీర్మానించడమైనది. మిఠాయిలు ఏకగ్రీవంగా తినడమైనది.

ఫిబ్రవరి 3

అందరూ భోజనానికి వెళ్లాక వాల్యూమ్ కొద్దిగా తగ్గించాను. తీర్మానానికి విరుద్ధమే. అయితే ఇరుగుపొరుగు నా శాఖ.

ఫిబ్రవరి 6

గోడ అవతల పాఠం ఆగి ఆగి సాగుతోంది. తీరిగ్గా ఉన్నారన్నమాట. సంతోషం.

ఫిబ్రవరి 13

ఘోరం. స్వరం విన్న డిష్ కూడా కొవ్వెక్కింది. రెంటికీ తేడా లేదు. నివా గారు కణాలు మార్చి చూశారు, పోషక ద్రవం మార్చి చూశారు, ఇక మార్చాల్సింది నా జాతకమే అన్నారు. వాల్యూమ్ మాట మాత్రం ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఆమె నూడుల్స్ ముట్టలేదు.

నేను తగ్గించింది గోరంత. వెళ్లి చూశాను. వాల్యూమ్ తిప్పే మర నేను వదిలిన చోట లేదు. చాలా కిందికి ఉంది.

అదే రోజు, సాయంత్రం 4 గంటలు

ఒకుమురా గారు స్వయంగా విచ్చేశారు. నడుము వంచి నమస్కరించి, నాయనా, మీ యంత్రానికి ఒంట్లో బాగాలేదా అని అడిగారు. పిల్లలకు తీగలు శ్రుతి చేయడానికి ఆవిడకు ఆ స్వరమే ఆధారమట. అందుకు కృతజ్ఞతగానే మిఠాయిలట. తనది ఉత్తరాన హొక్కైదో అట. ఇక్కడికి కోడలిగా వచ్చి ముసలిదైనా ఈ ఊరి మర్యాదలు ఒంటబట్టలేదట. మా వైపు బాగుంటే మిఠాయి పంపుతాం, బాగాలేకపోతే గుమ్మంలోకొచ్చి తిడతాం అన్నారు.

ముగ్గురం మర వైపు చూశాం. కొద్దిగా తిప్పానన్నారు సెన్సే. నేనూ కొద్దిగానే అన్నాను. నివా గారు ముఖం ఎర్రగా చేసుకుని, ఒట్టు పెట్టిన మర్నాడే తానూ కొద్దిగా తిప్పానన్నారు. ఆ పెద్దావిడ ముఖం తలచుకుంటే చేయి ఆగలేదట. మూడు కొద్దిగాలు కలిసి ఇంచుమించు మౌనమైనవి.

అప్పుడు నివా గారు నవ్వడం మొదలుపెట్టారు. ఎంత మెల్లగా చెబితే కణాలు మన మాట లెక్కచేయవో తెలిసిపోయిందండీ, కావాలని చేసినా ఇంత బాగా కుదిరేది కాదు అన్నారు. చల్లారిన నూడుల్స్ అలాగే తినేశారు.

మార్చి 5

స్వరాన్ని స్థాయి స్థాయికీ మార్చి ప్రయోగం తిరిగి జరిపించడమైనది. గట్టిగా విన్నవి బక్క. మెల్లగా విన్నవి లావు. మధ్యలో ఒక హద్దు. హద్దు ఎంతో స్పష్టంగా ఉంది. గోడ అవతల పాఠం సాఫీగా సాగుతోంది. సెన్సే ఒక అంతస్తు మెట్లెక్కి, అక్కడినుండి లిఫ్టు తీసుకున్నారు.

మార్చి 18

సమీక్ష. నివా గారు జరిగినదంతా దాచకుండా విన్నవించారు. అధ్యక్షులవారు ఒకే ప్రశ్న వేశారు. మీ మోత గోడ దాటి అటు వెళ్లినప్పుడు, ఆవిడ వాద్యం గోడ దాటి ఇటు రాదా? మీ నిశ్శబ్దపు డిష్ నిజంగా నిశ్శబ్దంలోనే ఉందా?

ఈ ఆలోచన మాలో ఎవరికీ రాలేదు. సెన్సే టీ కప్పులోకి చూశారు. నివా గారు మాత్రం తడుముకోలేదు. తెలియదండీ, తెలుసుకోవాలంటే రెండేళ్లు పడుతుంది అన్నారు.

మార్చి 25

రెండేళ్లు ఇచ్చారు.

ఉదయమంతా గోడకు చెవి ఆనించి కూర్చున్నాను. విధి నిర్వహణలో భాగంగా.