తొక్కుడు చెక్క మీద పట్టీ

మట్టెవాడ, వరంగల్
2025 ఆగస్టు 18, సోమవారం

చిరంజీవి మానసకు,

నాయనమ్మ ఆశీస్సులు. కాజీపేటలో నీ హాస్టల్ ఇక్కడికి ఆటో దూరమే. అయినా ఉత్తరం ఎందుకంటే, నిన్న సాయంత్రం నుంచి నువ్వు ఫోన్ ఎత్తడం లేదు. ఎత్తినా తాత పక్కనే కూర్చుని చెవి ఇటే పెడతాడు. అందుకే ఇది రాసి ఆటో పండరి చేతికి ఇస్తున్నాను.

నీ మెసేజ్ చదివాను. పరిశోధన మానేస్తానని, హైదరాబాద్‌ సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి శుక్రవారం ఒప్పుకుంటానని రాశావు. కారణం ఒక్కటే వాక్యం: "నా కణాలు పనికిరావు నాయనమ్మా." బడిలో సైన్సు చెప్పి రిటైరైనదాన్ని. ఈ జవాబుకు మార్కులు వేయను.

నీ పని నాకు అర్థమైనంతవరకు రాస్తాను, తప్పుంటే దిద్దు. గాలియం, ఇండియం కలిపితే పాదరసంలా జారే లోహం వస్తుంది. దాన్ని కంటికి ఆననంత చిన్న బొట్లు, అంటే నీ కణాలు, చేస్తే, పాల మీద మీగడలా ప్రతి బొట్టు మీదా ఆక్సైడ్ పొర కడుతుంది. ఆ పొర ఉన్నంతసేపు బొట్లు కలవవు, కరెంటు పారదు. వాటిని బట్టకు పూసి సూదితో నొక్కితే పొర పగిలి లోపలి లోహం కలుస్తుంది, నొక్కిన గీతే తీగ అవుతుంది. టంకం వేడికి నూలు మాడిపోతుంది కాబట్టి బట్ట మీద తీగలు వేయడానికి నువ్వు ఈ దారి పట్టావు. మంచి దారి.

పక్షవాతం వచ్చాక తాత కుడికాలికి స్పర్శ పోయింది. మగ్గం కింద చెక్కను తొక్కాడో లేదో ఆయనకే తెలియదు. అప్పటి నుంచి ఒక్క జంపఖానా నేయలేదు. ఆ చెక్కకు చుట్టడానికి నువ్వు పట్టీ చేశావు. అందులో రెండు తీగలు ఎడంగా ఉంటాయి. కాలు పడితే లోహపు గీత ఉన్న పై మడత రెండింటినీ కలుపుతుంది, ఎదుట లైటు వెలుగుతుంది. కాలు తీస్తే ఆరిపోవాలి. నిన్న మనింట్లో మీ ప్రొఫెసర్ తిరుమల గారి ముందు కాలు పెట్టకముందే వెలిగింది. తీసినా ఆరలేదు. "నా కాలు యాడున్నదో లైటుకు గూడ తెలుస్తలేదు" అన్నాడు తాత. సారు నవ్వారు, తాత నవ్వాడు. నువ్వూ నేనూ నవ్వలేదు.

మీరు వెళ్ళాక ఆయన మగ్గం మీద దుప్పటి కప్పాడు. "పోనియ్యే, పిల్లను సతాయించకు" అన్నాడు. ఆ దుప్పటి చూస్తే నాకు అన్నం సహించడం లేదు. ఆయనకు చెప్పలేదు, నీకు చెబుతున్నాను.

నేను ఆ పట్టీని పరీక్షిస్తాను. అంతవరకు దేనికీ ఒప్పుకోకు.

నీ నాయనమ్మ,
ప్రేమలత


మట్టెవాడ
ఆగస్టు 20, బుధవారం

మానసా, నా బంగారూ,

వెంటనే రాస్తున్నాను, ఎందుకంటే తప్పు దొరికింది. అది నీ కణాలది కాదు.

నువ్వు వదిలి వెళ్ళిన రెండో పట్టీ ఉంది కదా, దాన్ని పండరితో పంపుదామని మడత పెట్టమని తాతకు ఇచ్చాను. వాకిట్లో బండ మీద పరిచి కొయ్యసుత్తి ఎత్తాడు. నేను పెద్దగా అరిచాను.

"ఏందే, గట్ల ఒర్రుతవ్? జర మడత సాపు చేస్తున్న."

"శనివారం మానస తెచ్చి పెట్టిన మొదటి పట్టీని కూడా కొట్టినవా?"

"కొట్టకపోతే? పిల్ల పెద్ద సారుకు చూపెట్టేదాయె. గట్లనే ముడతలతోని పెడితే ఇజ్జత్ పోదా?"

మగ్గం దిగిన ఏ బట్టనైనా సుత్తితో సాపు చేయనిదే ఆయన గడప దాటనివ్వడు. నీ పట్టీకీ ఆ మర్యాదే చేశాడు.

టార్చిలైటు బల్బు, బ్యాటరీ, రెండు తీగలతో చూశాను. కొట్టిన పట్టీ మీద ఎక్కడ ఆనించినా బల్బు వెలిగింది. కొట్టని పట్టీ మీద నువ్వు సూదితో గీసిన చోటే వెలిగింది, మధ్యలో వెలగలేదు. నీ పొరలు నిలవాల్సిన చోట నిలిచాయి. సుత్తి పడిన చోట మాత్రం అన్నీ పగిలి, రెండు తీగలూ ఒకటైపోయాయి.

ఇదంతా చెబితే తాత సుత్తి కింద పెట్టాడు. తరువాత అడిగాడు:

"అంటే పిల్ల తప్పు లేదా?"

"లేదు."

"నా కాలు తప్పు గూడ లేదా?"

"లేదు. నీ చెయ్యి తప్పు."

"అయితే చెయ్యి ఇంకా గట్టిగనే ఉన్నదన్నట్టు!"

ఆయన అలా నవ్వి ఎన్నాళ్ళయిందో. కొట్టని పట్టీని ఇప్పుడే చెక్కకు కుడతానంటే ఒప్పుకోలేదు. "ఆగు. నా బిడ్డ రావాలె. మొదలు ఆమెనే చూడాలె" అన్నాడు.

నీ నాయనమ్మ,
ప్రేమలత

ఇక జరగవలసినవి:

1. హైదరాబాద్ వాళ్ళకు నువ్వు ఏమీ పంపవు.

2. కాలి బరువుకు పగలక, సూది మొనకు పగలాలంటే పొర ఎంత గట్టిగా ఉండాలో తిరుమల గారితో కూర్చుని తేలుస్తావు. రోజూ తొక్కితే తీగల మధ్య పొరలూ మెల్లగా పగులుతాయేమో చూడు. నా అనుమానం అదే.

3. ఆ లోహం అల్యూమినియాన్ని పెళుసు చేస్తుందని నువ్వే చెప్పావు. అందుకే కొట్టిన పట్టీని గాజుసీసాలో పెట్టాను, తీసుకుపో.

4. కొయ్యసుత్తి నా బీరువాలో ఉంది. తాత అడిగితే నువ్వూ జాలిపడి ఇప్పించకు.

5. ఆదివారం పొద్దున భోజనానికి రావాలి. మగ్గం మీది దుప్పటి తాతే తీసి, ఉతకమని నాకు ఇచ్చాడు. అది మళ్ళీ మగ్గం ఎక్కకూడదు.