గేటు కనబడే కిటికీ

షామీర్‌పేట

కాంట్రాక్టర్ నరసింహ గారికి, రోజీ వందనాలు.

మేడ్చల్ బస్ డిపో దగ్గర మీ బోర్డు చూశాను. "ఇంటి రిపేర్లు, మార్పులు, చేర్పులు" అని ఉంది. ఫోన్ నంబరు మీద ఎవరో ట్యూషన్ కాగితం అంటించారు. గోరుతో గీకితే కాగితంతో పాటు నంబరు కూడా ఊడొచ్చింది. తప్పు నాదే. అడ్రసు మిగిలింది కనుక ఉత్తరం రాస్తున్నాను. ఒకందుకు మంచిదే అయింది. ఫోన్‌లో అందరూ "అయిపోతది మేడం" అంటారు, కాగితం మీద రాయమంటే మాయమవుతారు.

నేను మిషన్ స్కూలు హాస్టల్లో వార్డెన్‌గా చేసి రిటైరయ్యాను. పిల్లలు లేరు. మా ఆయన యేసయ్య గారు పోయాక ఇంట్లో ఒక్కదాన్నే. బాత్రూం టైల్స్ మార్చాలి, వంటింటి గోడకు కిటికీ పెట్టించాలి. వంటింట్లో ఉంటే గేటు దగ్గరికి ఎవరొచ్చినా కనబడదు. వచ్చేవాళ్లు లేరనుకోండి, అది వేరే సంగతి.

ఇప్పటికి ముగ్గురు కాంట్రాక్టర్లను చూశాను. మొదటివాడు ఇల్లు కూలగొట్టి మూడంతస్తులు లేపుదామన్నాడు. కిటికీ అడిగితే మూడంతస్తులా? రెండోవాడు రిపేరయ్యాక నా ఇల్లు ఎలా ఉంటుందో సెల్లులో బొమ్మ చూపించాడు. బాగానే ఉంది గాని, నా సోఫాలో ఎవరో దొరసాని కూర్చుని నవ్వుతోంది. మూడోవాడు బుద్ధిమంతుడే, టేపు పట్టి అన్నీ కొలిచాడు. కానీ నేను పెట్టిన చాయ్ ముట్టకుండా వెళ్లిపోయాడు. అలాంటివాడికి ఇల్లు ఎలా అప్పజెప్పను?

మీ షరతులు రాయండి.

ఇట్లు,
రోజీ

తా.క.: చాయ్ తాగుతారో లేదో కూడా రాయండి.

*

మేడ్చల్

రోజీ మేడం గారికి నరసింహ నమస్తే.

మీ ఉత్తరం అందింది. నా పేరు మీద కాగితం వచ్చి మస్తు దినాలైంది. మా కోడలు కోర్టు నోటీసు అనుకొని భయపడ్డది.

కిటికీ అంటే చిన్న పని అనుకోకుండ్రి. గోడ మీద ఎంత బరువు ఉందో చూడాలె, పైన బరువు ఆపేటందుకు లింటెల్ వెయ్యాలె. మూడంతస్తులోన్ని మళ్ల గేటు లోపలికి రానియ్యకుండ్రి.

నా షరతు ఒక్కటే. నా మాట నమ్మద్దు, నేను పని చేసిన ఇండ్లు పోయి చూడాలె. కీసరల ఇందిరమ్మ అని ఒకామె ఇల్లుంది. తుర్కపల్లిల మాధవీలత మేడం ఇల్లుంది, ఆమె ల్యాబుల పని చేస్తది, సాయంత్రం కంపెనీ క్యాబ్ దిగినంక పోతే దొరుకుతది. ఇందిరమ్మ ఇంట్ల మెట్ల కింద వానకు తడి వస్తుందా, పూజగది తలుపు ఇంకా మొరాయిస్తుందా, ఆ రెండు చూసి తప్పకుండ నాకు రాయండ్రి.

ఇట్లు మీ విధేయుడు,
నరసింహ

తా.క.: చాయ్ తాగుత. షుగరుంది, అయినా తాగుత. మా ఇంట్ల చెప్పకుండ్రి.

*

షామీర్‌పేట

నరసింహ గారికి, రోజీ వందనాలు.

కీసర వెళ్లాను. మెట్ల కింద చెయ్యి పెట్టి మరీ చూశాను, తడి లేదు. పూజగది తలుపు మాత్రం అలాగే మొరాయిస్తోంది. బాగు చేయించుకోరాదా అంటే ఇందిరమ్మ గారు, "వద్దమ్మా, దానితోటి కొట్లాడుకుంట నాకు పొద్దు పోతది" అన్నారు. ఆవిడా ఒక్కరే ఉంటారు.

తర్వాత సర్వపిండి పెట్టారు. మాటల్లో సికింద్రాబాద్ బస్సు వెళ్లిపోయింది. దాని తర్వాతది కూడా. ఆ హడావిడిలో మేడ మీద చూడలేదని గుర్తొచ్చి మరో వారం మళ్లీ వెళ్లాను. పక్కింటావిడ నేను సంబంధం చూడటానికి వస్తున్నాననుకుని మనవరాలి ఫొటో తెచ్చి చూపించింది. పిల్ల బాగుంది. మీ ఎరికలో ఎవరైనా ఉంటే చెప్పండి.

తుర్కపల్లి మాధవీలత తలుపు బెత్తెడు తీసి ఆధార్ కార్డు అడిగింది. మీ ఉత్తరం చూపిస్తే గొలుసు తీసింది. ఆ ఊళ్లో తనకు తెలిసినవాళ్లు క్యాబ్ డ్రైవరు, వాచ్‌మన్ తప్ప ఎవరూ లేరట. బాల్కనీ బాగా చేశారు. అక్కడే కూర్చుని ఇద్దరం ఉప్మా తిన్నాం.

ఇక నాకు అనుమానం లేదు, మీరే చేయాలి. సోమవారం కొలతలకు రండి.

ఇట్లు,
రోజీ

తా.క.: గేటు దగ్గర గట్టిగా పిలవండి. వంటింట్లో ఉంటే మీరు కనబడరు. అందుకే గదా కిటికీ.

*

మేడ్చల్

రోజక్కకు నరసింహ నమస్తే.

మెట్ల కింద తడి లేదంటే పానం నిమ్మలమైంది.

సోమవారం కుదరది అక్కా. మూఢం నడుస్తాంది. మూఢంల కొత్త పని ముట్టద్దు. టేపు పట్టుకున్నా పని మొదలు పెట్టినట్టే లెక్క. మూఢం పోయేదాక కీసర దిక్కే ఈదమ్మ ఇల్లు కూడ చూడు. దాని స్లాబు నేనే వేయించిన. కారుతుందేమో రాయి.

ఇంకో మాట. ఇందిరమ్మ ఫోన్ చేసింది. నువ్వు నాలుగుసార్లు పోయినవంట. నా పనిల అంత తప్పు ఏం కనబడ్డది? ఒకసారి చూస్తే తెలుస్తది, రెండోసారికి నమ్మకమైతది. నాలుగుసార్లు ఎందుకు? వేరే కాంట్రాక్టర్ ఎవడన్న నా పని తెలుసుకొని రమ్మని నిన్ను పంపుతుండా?

ఇట్లు,
నరసింహ

తా.క.: ఆ పిల్ల ఫొటో పంపు. మా బామ్మర్ది కొడుకు ఉన్నడు.

*

షామీర్‌పేట

నరసింహ గారికి,

నేను గూఢచారినా? ముప్ఫై ఏళ్లు వార్డెన్‌గా గోడ దూకే పిల్లల్ని పట్టుకున్నదాన్ని. నన్ను ఎవరో పంపడమేమిటి!

ఇందిరమ్మ గారు పంచాంగం తీసి చూశారు. మూఢం లేదు. ఊరంతా పెళ్లిళ్లే. నిన్న ఆవిడతో పాటు ఒక పెళ్లిలో భోజనం కూడా చేసొచ్చాను. మూఢంలో ఎవరూ అంత మంచి పప్పుచారు పెట్టరు.

మరి ఎందుకు రారు? నాకు ఒకటే తోస్తోంది. మా గుమ్మం మీద సిలువ ఉందని ఇందిరమ్మ గారు చెప్పి ఉంటారు. మా ఇంట్లో చాయ్ తాగడం ఇష్టం లేకపోతే మొదటే రాయాల్సింది. అడిగాను గదా. సోమవారం అని నాకు నేనే అనుకుని కొత్త కప్పులు కడిగి పెట్టుకున్నాను. చాలా బాధగా ఉంది.

రోజీ

తా.క.: ఈదమ్మ గారి ఇల్లు చూడను.

ఇంకో తా.క.: చూశాను. స్లాబు కారడం లేదు. మీకు చెప్పాల్సిన అవసరం నాకు లేదు.

*

మేడ్చల్

అక్కా,

ఎంత మాటన్నవ్! నాకు తాపీ పట్టుడు నేర్పిందే స్టీఫెన్ మేస్త్రి. ఆయన ఉన్నన్ని రోజులు క్రిస్మస్ అన్నం వాళ్లింట్లనే తిన్న. సిలువ మాట ఇంకెప్పుడు అనకు.

మూఢం అబద్ధం. నేను కాంట్రాక్టు పని బంద్ చేసిన అక్కా. మోకాళ్లు పోయినయి, పనోళ్లు తలా ఒక దిక్కు పోయిన్రు. మా కొడుకు అన్వేష్ ప్లాట్ల బిజినెస్ పెట్టిండు. బోర్డు పీకేస్తనంటే నేనే పీకనియ్యలే. ఇంటి నిండ మనుషులున్నరు, అందరికి సెల్లులున్నయి. నేను మాట్లాడితే "ఆఁ నాయినా" అంటరు గని తల ఎత్తరు.

నేను కట్టిన ఇండ్లు ఎట్లున్నయో నాకు చెప్పేటోళ్లు లేకుండె. నువ్వు పోయి చూసి రాస్తుంటే నేనే ఆ ఇండ్లల్ల తిరిగినట్టుండె. మీ ఇంటికొస్తే నా దగ్గర టేపు తప్ప ఏం లేదని తెలిసిపోతది, ఇగ నువ్వు ఉత్తరం రాయవు. అందుకే మూఢం పెట్టిన. తప్పైంది.

వేరే మంచోన్ని చూసుకో. ఆ చాయ్ తాగనోడు కొలతలు మంచిగనే తీసినట్టుండు. షుగరుందేమో పాపం, అందరు నా లెక్క బరితెగించి తాగరు.

నరసింహ

తా.క.: ఈదమ్మ స్లాబు నిజంగనే కారుతలేదా?

*

షామీర్‌పేట

తమ్ముడు నరసింహకు, అక్క రోజీ వందనాలు.

నువ్వు పని మానేశావని నాకు మొదటి రోజే తెలుసు. సర్వపిండి పెనం మీద కాలుస్తూ ఇందిరమ్మ చెప్పింది, "నరసింహనా? ఆయన పని బంద్ జేసి మస్తు దినాలాయె. గా బోర్డు జూసి వచ్చినవా?" అని. నీ ఫోన్ నంబరు కూడా ఇచ్చింది.

ఫోన్ చేస్తే రెండు నిమిషాల్లో అయిపోతుంది. "పని చేస్తలేనమ్మా," "సరే, ఉంటానండీ," అంతే. అందుకే చేయలేదు. నీ ఉత్తరం వస్తే పోస్ట్‌మన్ గేటు దగ్గర నా పేరు పెట్టి పిలుస్తాడు. ఈ ఇంటి ముందు నా పేరు వినబడి చాలా కాలమైంది. కానీ మూఢం మీద వచ్చిన కోపం నిజమే. పని లేకపోతే లేకపోయింది, చాయ్‌కి కూడా రాడా అని ఏడుపొచ్చింది.

ఇక కాంట్రాక్టర్‌ని ఖాయం చేశాను. చాయ్ తాగని ఆ మూడో అతనే, రవీందర్. ఎందుకు తాగలేదని ఫోన్ చేసి అడిగాను. నువ్వన్నట్టే షుగరట. మొహమాటపడి చెప్పలేదట. మనిషి మంచివాడు గాని చిన్నవాడు, పక్కన కూర్చుని తప్పులు పట్టే పెద్దవాడు కావాలి. సోమవారం గోడ కొడతాడు. వరండాలో నీకు కుర్చీ వేశాను. ఇందిరమ్మ కొబ్బరికాయ తెస్తానంది, నేను ప్రార్థన చేస్తాను, గోడ ఎవరి మాట వింటుందో చూద్దాం. మాధవీలత సెలవు పెట్టింది.

వచ్చినప్పుడు గట్టిగా పిలువు. కిటికీ ఇంకా లేదు గదా. వచ్చి వెళ్లాక ఉత్తరం మాత్రం మానకు.

మీ అక్క,
రోజీ

తా.క.: ఈదమ్మ స్లాబు ఒక మూల కారుతోంది. నీ మీద అంత కోపంలో కూడా నీ మనసు కష్టపెట్టలేక అలా రాశాను. ఇద్దరం కలిసి వెళ్లి చూసొద్దాం. నాలుగుసార్లయినా పడుతుంది.