మగ్గంలో పట్టని కాళ్లు

నవంబర్ 3
వనపర్తి హాస్టల్ నుంచి అన్న ఫోన్. శుక్రవారం వాళ్ల కాలేజీ మ్యాచ్ చూడడానికి హైదరాబాద్ నుంచి ఎవరో సార్ వస్తున్నాడంట. ప్రొఫెషనల్ లీగ్ టీమ్ సార్. నచ్చితే తీసుకుంటారు. బాస్కెట్‌బాల్ ఆడడమే ఉద్యోగం!
"ఇంట్ల చెప్పకు, అయినంక నేనే చెప్త."
సరే అన్నా. చెప్పకుండా ఉండడం నాకు బాగా వచ్చు.

నవంబర్ 5
"ఏందే, ఒక్కదానివే నవ్వుతున్నవ్?" అమ్మ.
ఏం లేదమ్మా.
మా తలుపు పైన దూలానికి నాయిన ఒక గుడ్డ మూట కొట్టాడు, లోపల మగ్గం మీద తెగిన పోగులు కుక్కి. పొడుగు అన్న నుదురు పగలకుండా. చూసిన ప్రతి చుట్టం అడుగుతాడు, ఇదేందని. రేపు టీవీలో అన్నను చూసి అడగరు.

నవంబర్ 7
ఇది ఎవరైనా చదివితే నా పని అయిపోతుంది. అయినా రాస్తా.
ప్రాక్టికల్స్ అని అబద్ధం చెప్పి గద్వాల బస్టాండ్‌లో వనపర్తి బస్సెక్కా. ముఖానికి చున్నీ. ఇంటర్‌లో చేర్చిన రోజే నాయిన చెప్పాడు — "చెప్పకుండ యాడికన్న పోయినవనుకో, గా దినమే కాలేజీ బంద్." నాయిన అరవడు. అన్నది చేస్తాడు.
అన్న ఎంత బాగా ఆడాడో... రింగ్ కింద గోడలా నిలబడ్డాడు. బాల్ పైకి లేస్తే అన్నదే. అందరూ భరత్, భరత్ అని అరుపులు. నేను మాత్రం అరవలేదు.
మ్యాచ్ అయ్యాక స్టోర్ రూమ్ వెనక నల్లా దగ్గర బాటిల్ పట్టుకుంటున్నా. గోడకు అటువైపు ఇద్దరు. ఒకరు అన్నకు ఆట నేర్పే పీఈటీ సార్. ఇంకొకరు ఆ హైదరాబాద్ సార్.
"ఆరడుగుల ఐదంగుళాలు. మా దగ్గర బాల్ కొట్టుకుంట ముందుకు తెచ్చే పొట్టి ప్లేయర్లే గంత ఉంటరు. పెద్దోళ్ల ముందు రింగ్ కింద నిలవలేడు. బయట ఆడిద్దామంటే షాట్ లేదు, డ్రిబుల్ లేదు. ఏం నేర్పలేదా సార్?"
పీఈటీ సార్ గొంతు తగ్గించాడు.
"పొడుగుండె. రింగ్ కింద నిలవెడితే కప్పులొచ్చినయ్. గట్లనే నిలవెట్టిన."
"అయితే కష్టం."
"జర ఇప్పుడే చెప్పకున్రి. నాగర్‌కర్నూల్‌ల ఫైనల్ ఉంది. పిలగాని మనసు ఇరుగుతది."
"సరే, మీరే చెప్పుకోండి."
బాటిల్ నిండి నీళ్లు చెప్పుల మీద పడుతున్నాయి. నల్లా కట్టెయ్యలేదు. పారిపోయి వచ్చా.

నవంబర్ 8
జ్వరం అని పడుకున్నా. జ్వరం లేదు.

నవంబర్ 10
అన్న వచ్చాడు. తల వంచి, గుడ్డ మూటను ఒకసారి ముద్దు పెట్టుకుని లోపలికి. అమ్మ నవ్వింది.
అన్నం దగ్గర అంతా చెప్పేశాడు. హైదరాబాద్ సార్ భుజం తట్టాడంట. పీఈటీ సార్ 'చూద్దాం రా' అన్నాడంట. ఇంకోటి కూడా ఉంది — స్పోర్ట్స్ కోటాలో సర్కారు ఉద్యోగానికి సెలెక్షన్స్, హైదరాబాద్‌లో, పదహారున. సరిగ్గా ఫైనల్ రోజే. దానికి పోడంట.
"సర్కారు కొలువు రా. జర సోచాయించు," నాయిన.
"కొలువు మళ్ల దొరుకుతది నాయినా. ఫైనల్‌ల ఆడితే హైదరాబాదోళ్లు పక్కా పిలుస్తరు."
పిలవరు. పిలవరన్నా.
నా నోట్లో ముద్ద. మింగలేను, కక్కలేను. చెప్తే అన్న మొదట అడిగేది — నీకెట్ల తెలుసు. నాయిన అడిగేది — ఎప్పుడు పోయినవ్.

నవంబర్ 11
పొద్దున్నే హైస్కూల్ గ్రౌండ్. అన్న గీత బయట నుంచి షాట్లు వేస్తాడు, నేను బాల్ తెచ్చిస్తా. రింగ్‌కు తగిలి ఒకటి అటు, ఒకటి ఇటు. ముళ్ల చెట్లలోకి ఒకటి.
"రింగ్ కింద అలవాటైన చేతులే ఇవి. దూరంకెళ్లి ఏస్తె పడవు," నవ్వుతున్నాడు.
"అన్నా... ఆ సెలెక్షన్స్‌కు పోరాదు?"
"ఎందుకే?"
"ఊకెనే."
"నువ్ గూడ నాయిన పార్టీల కలిసినవా?" నెత్తి మీద బాల్‌తో మెల్లగా ఒకటి వేశాడు.
అప్పుడే చెప్పాల్సింది. ఇంకెవరూ లేరు. గ్రౌండ్‌లో మేమిద్దరమే.

నవంబర్ 14
అన్న మళ్లీ హాస్టల్‌లో. మెసేజ్ టైప్ చేయడం. చెరిపేయడం. మళ్లీ.

నవంబర్ 16
నాగర్‌కర్నూల్‌లో గెలిచారు. ఫోటో వచ్చింది, కప్పు పట్టుకుని అందరూ. అన్న ఫోటోలో పట్టలేదు, కళ్ల పైనంతా కట్ అయింది.
అమ్మ వీధంతా చూపించి వచ్చింది. నేను బాత్రూమ్‌లో కూర్చున్నా. అన్న పోవాల్సిన చోట ఈరోజు ఇంకెవరో పరుగెత్తి ఉంటారు.

నవంబర్ 24
ఫోన్ రాలేదు. చివరి ఏడాది, ఆట అయిపోయింది, ఇక పరీక్షలకు పోతే చాలని అన్న ఇంటికొచ్చాడు. స్నానానికి పోతే ఫోన్ నా చేతికిచ్చి పోతాడు — "హైదరాబాద్ నంబరొస్తే ఎత్తు." పట్టుకుని కూర్చుంటా. అది మోగదని తెలిసి.

నవంబర్ 27
పీఈటీ సార్ చెప్పేశాడు. ఫోన్‌లోనే.
అన్న కోపంగా లేడు. అదే భయంగా ఉంది. వాకిట్లో కూర్చున్నాడు, మోకాళ్లు గడ్డం దాకా.
"గా దినమే తెల్సంట, సార్‌కు. హైదరాబాదాయన అప్పుడే వద్దన్నడంట."
పక్కనే నేను గిన్నెలు ముందేసుకుని కూర్చున్నా.
"ఎవ్వరన్న ఒక్కరు జెప్తే పోయేటోన్ని గదనే. గా సెలెక్షన్స్‌కన్న పోయేటోన్ని."
ఎవ్వరన్న ఒక్కరు. గిన్నెలు తోముతున్నా. తోమిందే తోముతున్నా.

నవంబర్ 29
మగ్గంలో చీర అయిపోయింది. నాయిన కొత్త పోగు ఎక్కించలేదు. పొద్దున లేచేసరికి మగ్గం కింద కాళ్లు పెట్టే గుంటలో దిగి గడ్డపారతో తవ్వుతున్నాడు.
"ఏమైంది నీకు, నేలంత తవ్వవడితివి?" అమ్మ.
"జర లోతు జేస్తున్న. వాని కాళ్లు పట్టాలె గదా."
తొమ్మిదో క్లాసులో అన్న నేత నేర్చుకోబోతే, మోకాళ్లు పైకి తగిలి పోగులు తెగేవి. అప్పుడు నాయినే లేపేశాడు — "లెవ్ రా ఒంటె, పోయి ఆడుకో పో." అట్లా మొదలైంది బాస్కెట్‌బాల్.
ఇప్పుడు అన్న తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాడు. నాయిన తల ఎత్తలేదు.
"ఎప్పటికని గాదు రా. ఇంకేదన్న దొరికెదాంక."
అన్న లోపలికి వచ్చాడు, తట్ట అందుకుని మట్టి మోశాడు. బయటికి పోయేటప్పుడు వంగడం మరిచిపోయాడు. నుదురు మూటకు తగిలింది.

డిసెంబర్ 8
కాళ్లు పట్టాయి.
కొత్త చీర మొదలైంది. నాయిన దగ్గరుండి చూపిస్తున్నాడు. అంచు పోగు అటూ ఇటూ విసిరే నాడెను ఇటువైపు నుంచి వేయడానికి పక్కన ఒకరుండాలి. అమ్మకు చేయి నొప్పి.
"రావే," అన్నాడు అన్న, కొంచెం జరిగి.
కూర్చున్నా. మోచేతికి మోచేయి తగులుతుంది. అన్న నాడె వేస్తాడు, నేను వేస్తా. అన్న వేస్తాడు. నాయిన బీడీకి బయటికి పోయాడు.
"అన్నా."
"ఊ."
నా నాడె చేతిలోనే ఉండిపోయింది. మగ్గం ఆగింది. అన్న నా ముఖంలోకి చూశాడు.
"ఏందే, చెప్పు."
"ఏం లేదు... కాలు తిమ్మిరెక్కింది."
"గంతేనా?"
అమ్మ అన్నానికి పిలిచింది. లేచాం.
చీర ఇంకా జానెడు కూడా కాలేదు. అయ్యేదాకా రోజూ కూర్చోవాలి. అన్న పక్కనే.