కుడిచెవి ఆస్తిపాస్తుల పంపకం

ఇరవై ఆరేళ్ల వయసు, ఎమ్మెస్సీ చదువు, రికార్డు చేసిన పాఠాల్లో దగ్గులూ తుమ్ములూ ఏరిపారేసే ఉద్యోగం గల నేను, ఎవరి బలవంతమూ లేకుండా, పూర్తి తెలివిలో ఉండి రాస్తున్న వీలునామా ఇది. తెలివి సంగతి అక్క ఒప్పుకోకపోవచ్చు. ఎడమచెవి చిన్నప్పుడే చేతులెత్తేసింది. గురువారం ఉదయం కుడిచెవికి ఆపరేషన్. "తొంభై శాతం ఏం కాదు" అన్నారు డాక్టరుగారు. మిగతా పది శాతానికి ఈ కాగితం. ప్రాణానికి ఢోకా లేదు కనుక ఏడుపులు నిషిద్ధం.

1. దీన్ని అమలు చేసే బాధ్యత గడియారాలు బాగుచేసే మా బావది.

2. హెడ్‌ఫోన్లు అక్కకు. పెట్టుకుంటే బావ మాటలు వినబడవు. ఇంతకు మించిన ఆస్తి నా దగ్గర లేదు.

3. అప్‌శాంప్లింగ్ పెట్టె బావకు, మరలు పీక్కోవడానికి. పాటలో సెకనుకు నలభై నాలుగు వేల చిల్లర కొలతలుంటే, వాటి మధ్య కొత్తవి లెక్కగట్టి లక్షా డెబ్భై ఆరు వేలు దాటిస్తుందది. ఉన్న చుక్కల మధ్య ఇంకొన్ని చుక్కలు పెడుతుంది. గీత మాత్రం అదే. కొన్ని యంత్రాలకు దానివల్ల పని తేలికవుతుందంటారు. నా చెవికి మాత్రం ఏ తేడా తెలియలేదు. ఒక్క చెవితో స్టీరియో మీద ఉపన్యాసాలిచ్చినందుకు బంధుమిత్రులు క్షమించాలి.

4. ఇక బొంగురుకు. కాలేజీలో మేమంతా అలా పిలిచిన ఆ గొంతు మనిషికి నేను చెప్పాల్సిన నిజం ఒకటుంది. లైబ్రరీ మెట్ల మీద నువ్వు పాడిన పాటను ఫోన్లో రికార్డు చేసి, ఆ పెట్టెలో వేసి, "ఇప్పుడు బాగుంది" అన్నాను. "అయితే ముందు బాగోలేదా?" అని నా కళ్లకు నీ చున్నీ కట్టి, ఏది ఏదో చెప్పమన్నావు. పదికి పది చెప్పాను. పాట విని కాదు. అసలు పాట నుంచి పెట్టె తయారుచేసిన పెద్ద ఫైలుకు మారినప్పుడల్లా పెట్టెలో టిక్కుమని చిన్న చప్పుడొచ్చేది. బావ అది పసిగట్టి, "బామ్మర్దీ, నీ చెవి పాట మీద లేదురా, పెట్టె మీదుంది" అన్నాడు తర్వాత. నువ్వు మాత్రం నమ్మేశావు. నా ఫోన్లోంచి నీ పాట తీసేసి, "ఇక దాంతోనే పాడించుకో" అని వెళ్లిపోయావు. రెండేళ్లయింది. ఆ రోజు చెప్పనిది ఇప్పుడు ఒప్పుకుంటున్నాను: నేను మోసం చేశాను.

5. అసలు ఫైలు, చిన్నది, నా కంప్యూటర్లో మిగిలే ఉంది. అది బొంగురుకే చెందాలి. పెద్దది బావ చెరిపేయాలి.

6. మొదటి చరణం అయ్యాక "ఆగరా, దగ్గొస్తోంది" అని ఆపేశావు. పెద్ద ఫైలులో ఆ తర్వాత ఏమైనా ఉంటుందేమోనని, సిగ్గు విడిచి చెబుతున్నాను, చాలాసార్లు విన్నాను. లేదు. రెండో చరణం నీ దగ్గరే ఉంది. ఈ కాగితం నకలు ఈ రోజే నీకు చేర్చమని బావకు చెప్పాను. బుధవారం సాయంత్రం లోపు వస్తే, తలుపు తీసే ఉంటుంది. రికార్డు చేయను. ఫోను అక్క చేతికిచ్చి, నా కుడిచెవి నీ వైపు పెట్టి కూర్చుంటాను.

మార్చి పదకొండు, మంగళవారం.

(సంతకం) పైన చెప్పిన కుడిచెవి యజమాని

సాక్షులు:
కింది అంతస్తు జిరాక్స్ షాపాయన (చదవకుండా చేశారు)
చెవి ఆసుపత్రి నర్సమ్మ (రెండుసార్లు చదివి చేశారు)