మావయ్య పేరున వెళ్లిన సీసా

కత్తెర పట్టిన మావయ్య చేతులకు మేనల్లుడి నమస్కారాలు.

పెద్దపేగు కేన్సర్ ఎందుకొస్తుంది, ఎవరికొస్తుంది, ముదరకముందే ఎలా పట్టుకోవాలి అని మా పరిశోధన కేంద్రంలో తలలు బద్దలు కొట్టుకుంటున్నాం. తాతయ్య దానితోనే పోయాడు. కొడుకువి కాబట్టి నీకు ముప్పు ఎక్కువ. ఇందులో చిన్న సీసా ఉంది, సీసాలో పుల్ల ఉంది. నీ మలంలో గుచ్చి, మళ్లీ సీసాలో పెట్టి, మూత బిగించి పంపు. కంటికి కనపడని రక్తం ఉందేమో చూస్తాం. అమ్మ ఎప్పుడో పంపేసింది.
నీ అల్లుడు
తా.క.: పుల్లకి అంటినంత చాలు. ఉదారంగా ఉండక్కర్లేదు.

అల్లుడికి మావయ్య దీవెనలు.

అంత చదువూ చదివింది దీనికా? కవరు షాపులోనే విప్పాను. కోటు కుట్టించుకోవడానికి వచ్చిన పెద్దమనిషి "సెంటా అండీ?" అన్నాడు. ఔనన్నాను. వాసన చూస్తానంటే ఇవ్వలేదు. నీ మాట తీసెయ్యలేక పంపిస్తున్నాను.
మావయ్య
తా.క.: మార్కులు తక్కువొస్తే మీ అత్తయ్యకి చెప్పకు.

మావయ్యా,

ఈసారి వేళాకోళం లేదు. రక్తం జాడ కనబడింది. కేన్సరే అని కాదు, మొలలైనా కావచ్చు. కానీ గొట్టం కెమెరాతో లోపల చూసి తీరాలి. వెంటనే బయల్దేరు.
అల్లుడు
తా.క.: షాపులో పని ఉందని రాయకు. ఆ ముక్క వస్తుందని ముందే తెలుసు.

అల్లుడూ,

గాభరా పడకు, నేను నిక్షేపంగా ఉన్నాను. అది నాది కాదు! సిగ్గేసి సీసా మా బావమరిదికిచ్చాను, షాపులో ఇస్త్రీ చేస్తాడే, వాడికి. మా ఇద్దరిదీ ఒకటే ఒడ్డూ పొడుగూ. కొలతలకి రాలేని వాళ్లకి అదే సైజు మనిషిని నిలబెట్టి కుట్టేస్తాం, ఏనాడూ తేడా రాలేదు. ఇప్పుడు వాడు "పేరు నీది, నువ్వే వెళ్లు బావా" అంటాడు. "సరుకు నీది, నువ్వే పోరా" అంటాను నేను.
మావయ్య
తా.క.: మీ అత్తయ్య అంతా వింటూ ఒక్క మాటా అనడం లేదు. నాకు అదే భయం.

మావయ్యా,

పేగులకి సైజులుండవు! ముందు ఆయన్ని పంపు. నీకు ఇంకో సీసా పంపుతున్నాను. నీదే కావాలి. నీదే.
తల పట్టుకున్న అల్లుడు
తా.క.: కొత్త సీసా షాపులో విప్పకు.

అల్లుడికి,

వాడు వెళ్లొచ్చాడు. కడుపు కడిగే మందు తాగి మరుగుదొడ్లోనే కాపురం పెట్టాడు. గొట్టం వేసిన డాక్టరు "అద్దంలా ఉంది" అన్నాడట. ఆ సంబరంలో నోరు జారాడు. వాడికీ సిగ్గేసి, సీసా వాళ్లక్కకిచ్చేశాడట!

గబగబా మీ అత్తయ్య దగ్గరికి వెళ్లాను. "అయితే నీకా?" అన్నాను.

"నాకెందుకండీ? సీసా మీద పేరు మీది. ఆరోజు పొద్దున మీరు ఎప్పట్లాగే నీళ్లు పోయకుండా పేపరు కోసం పరిగెత్తారు. వెనకే వెళ్లి పుల్ల గుచ్చాను" అంది మీ అత్తయ్య.

"మరి ఇన్నాళ్లూ చెప్పవేం?"

"చెబితే వెళ్తారా మీరు? మా తమ్ముడు వెళ్లి బతికొస్తే, అది చూసైనా కదుల్తారని ఊరుకున్నాను."

కదిలాను. నా పేగులో రెండు బుడిపెలు దొరికాయి. వదిలేస్తే కొన్నేళ్లకి కేన్సరయ్యేవట. గొట్టంలోంచే కత్తిరించి పరీక్షకి పంపారు. చెడ్డదేం లేదన్నారు. తెర మీద చూశాను, కత్తిరింపు పర్లేదు.
మావయ్య
తా.క.: ఇకమీద ఇలాంటివి మీ అత్తయ్యకే రాయి. నా లోపలి సంగతులు కూడా ఆవిడకే ముందు తెలుస్తున్నాయి.