నాన్న ఉత్తరాల డబ్బా

సెట్టాత్, కోర్టు గోడ పక్కన నా బల్ల

అజెమ్మూర్‌లో ఉన్న యామ్నా అక్కకు తమ్ముడు బూషయిబ్ సలాములు. నువ్వూ, నీ మోకాళ్ళూ కులాసా అని తలుస్తాను.

ముప్ఫై ఏళ్ళుగా ఊళ్ళోవాళ్ళ ఉత్తరాలూ అర్జీలూ రాశాను కదా, ఇప్పుడు నా కథే రాస్తున్నాను. బ్రహ్మాండంగా వస్తోంది, చెబుతున్నా! మొదటి అధ్యాయం నాన్న మీద. జెరాదా బొగ్గుగనుల నుంచి ఆయన అమ్మకు రాసిన ఉత్తరాలు ఎనిమిదేళ్ళప్పుడు నేనేగా చదివి వినిపించింది. "నీ రొట్టె వాసన తలుచుకుంటే గనిలోనే తెల్లారిపోతుంది." ఆహా, ఏం రాశాడక్కా! ఆయన్ని చూసే నేను రాతగాణ్ణయ్యాను. ఆ డబ్బా నీ దగ్గరే ఉంది, పంపు. ఉన్నదున్నట్టు అచ్చు వేయిస్తాను. ప్రెస్సువాడు సోమవారం దాకానే ఆగుతాడు.

నీ తమ్ముడు
బూషయిబ్

తా.క.: రెండు చలికాలాలయ్యాక ఇంటికొచ్చిన నాన్న, గుమ్మంలోనే "మేజోళ్ళేవే?" అని అమ్మ మీద ఎందుకు అరిచాడో నాకిప్పటికీ అంతుపట్టదు.

*

తమ్ముడికి అక్క దీవెనలు.

అక్షరాలు వంకరగా ఉన్నాయని నవ్వకు. మసీదులో చదువు తరగతికి పోబట్టి రెండేళ్ళేగా. డబ్బా పంపను. నాన్న మంచివాడని రాసుకో, చాలు.

యామ్నా

తా.క.: మోకాళ్ళు బాగానే ఉన్నాయి. నీ బుర్ర సంగతే తెలియడం లేదు.

*

అక్కా, సలాం.

అర్థమైందిలే! ఉత్తరాల్లో నీ ఊసు రాలేదని కుళ్ళు. "బూషయిబ్ లాంటి కొడుకు జిల్లాకొక్కడు" అని నాన్న రాస్తే నా తప్పా?

నా కలానికి ఎదురులేదని నీకు తెలియదు. మొన్న ఒకావిడ వచ్చి, "మా ఆయన అలిగి పోయాడు, నిన్ను గాడిద తన్నా అని ఆయనకు రాయి" అంది. "నువ్వు లేక ఇల్లు చిన్నబోయింది" అని రాశాను. ఆయన నిన్న మూటాముల్లెతో దిగాడు! నోట్లో ఉన్నది కాదు, గుండెలో ఉన్నది రాయాలి. నా వృత్తి అంతా అదే. డబ్బా పంపు!

కోపంతో, అయినా నీ తమ్ముడే
బూషయిబ్

తా.క.: స్టాంపు అంటించిన అర్జీ జతచేశాను. ఇంతవరకూ నా అర్జీని కాదన్నవాడు లేడు.

*

ఒరే బూషయిబ్,

డబ్బా పంపుతున్నాను. కూర్చుని తెరువు.

ఇరవై మూడు ఉత్తరాలు. చదవడం వచ్చాక అన్నీ చూశాను, దేన్లో చూసినా రెండే వరుసలు: "కులాసా. ఇక్కడ చలికి కాళ్ళు కొయ్యబారుతున్నాయి, ఉన్ని మేజోళ్ళు పంపు." రొట్టె వాసనా లేదు, జిల్లాకొక్కడూ లేడు. అవన్నీ నువ్వు అల్లినవేరా, అల్లి నువ్వే మర్చిపోయావు. నీ దృష్టిలో నాన్న తగ్గిపోతాడని ఇన్నాళ్ళూ దాచాను. ఆ గాడిద ఉత్తరం సంగతి చదివాక, నీకు చెప్పొచ్చనిపించింది.

అమ్మకు తెలుసు. అక్షరం రాకపోతేనేం, కళ్ళు లేవా? రెండు వరుసల కాగితాన్ని నువ్వు టీ పొంగిపోయేదాకా చదివేవాడివి. ఒకసారి నిన్ను నిలదీయబోతే అమ్మ నా చెయ్యి గిల్లి, "ఊరుకోవే. మీ నాన్న నోట రాని మాట వీడి నోటైనా విననీ" అంది.

అధ్యాయంలో ఒక్క ముక్కా కొట్టెయ్యకు. ఆ ఉత్తరాల కింద మాత్రం నీ పేరు పెట్టుకో.

అక్క
యామ్నా

తా.క.: పాపం, మేజోళ్ళ ముక్క నువ్వు ఒక్కసారీ చదవలేదు. డబ్బాలో ఒక జత అల్లి పెట్టాను. నాన్న లేడుగా, నువ్వు తొడుక్కుని రాయి.