లక్ష్మమ్మ ఉన్నంతవరకు

1998 నవంబరు, ఆదివారం

ఈ రాత్రి ఖాజాగూడ మఠంలో నేనొక్కదాన్నే. పొద్దున మా పెద్ద మదర్ వచ్చి సిస్టర్ ఆగ్నెస్‌ను సిటీలోని మా స్కూలుకు తీసుకెళ్లారు. "క్వారీలో రాళ్లు కొట్టేవాళ్లంతా వెళ్లిపోయారు. ఇక్కడ మనకింకేం పనమ్మా? నువ్వూ వచ్చేయ్" అన్నారు.

"దిక్కులేని రోగుల గడపకు వెళ్లడానికే మన కన్యస్త్రీల సభ పుట్టిందని మీరే కదా నేర్పారు, మదర్? లక్ష్మమ్మ ఇంకా ఉంది" అన్నాను.

"సరే. ఒక్కదానివే ఉండాలి మరి" అన్నారు.

సాయంత్రం లక్ష్మమ్మ గుడిసెకు వెళ్లాను. రాతిదుమ్ము ఆమె ఊపిరితిత్తులను తినేసింది. ఆమెకు నా అన్నవాళ్లెవరూ లేరు.

"ఇగ మీరు గూడ పోతున్నరా, సిస్టరమ్మా?"

"పోను" అన్నాను. నా చెయ్యి పట్టుకుని నిద్రపోయింది.

రాత్రి ప్రార్థనలో కీర్తన ఒక చరణం నేను, మరొకటి ఆగ్నెస్ చదివేవాళ్లం. నా చరణం అయ్యాక అలవాటుగా ఆగాను. తర్వాత ఆమెదీ నేనే చదివాను.